నాలుగు రోజుల సెలవు

కార్మిక శాఖ ఆఫీసు వరండా, పదకొండున్నర. బల్ల మీద అన్నాచెల్లెళ్ళు కూర్చున్నారు. ఆయన వడ్రంగి మేస్త్రీ. ఆవిడ పదకొండేళ్ళు లాండ్రీలో ఆసుపత్రి దుప్పట్లు ఇస్త్రీ చేసిన మనిషి. విచారణ గదిలోంచి యూనియన్ సెక్రటరీ బయటికొచ్చాడు.

“లేవకమ్మా, కూర్చో. కూర్చునే విను. గెలిచినట్టే.”

“గెలిచినట్టే ఏమిటి సెక్రటరీ గారూ? గెలిచామా, గెలవలేదా? మా చెల్లికి అసలే గుండెదడ. సగం సగం చెప్పకండి.”

“చెప్తున్నాగా మేస్త్రీ, ఊపిరి తీసుకోనివ్వు. కంపెనీవాళ్ళు నలభై ఒక్క లీవు చీటీలు పట్టుకొచ్చారా? ఈవిడ సెలవులన్నీ ఎప్పుడో వాడేసుకుంది, మేం ఇవ్వాల్సిన సెలవు జీతం ఏమీ లేదన్నారా? ఆఫీసరమ్మ కేలండరు పక్కన పెట్టుకుని ఒక్కో చీటీ తిప్పింది. మూడో దాని దగ్గర నవ్వింది.”

“నవ్విందా? ఎందుకండీ?”

“అది ఆదివారం తల్లీ. లాండ్రీ ఎటూ మూసే ఉంటుంది. సెలవు రోజున సెలవు ఇప్పించమని నువ్వు అర్జీ పెట్టుకున్నావట.”

“నేనా!”

“నువ్వే. అలాంటివి తొమ్మిది దొరికాయి. ఇంకోటుంది చూడు, నీ చెయ్యి ఇస్త్రీ రోలరులో పడి కాలిన రోజు. ఆ రోజు కూడా నువ్వు సెలవులో ఉన్నావట. ‘మరి కాలిన చెయ్యి ఎవరిదండీ?’ అంది ఆవిడ.”

“అబద్ధం ఆడినా అతికినట్టుండాలంటారు. ఆ చీటీలు రాసిన గుమాస్తాకి అతికించడం కూడా చేతకాలేదు. నా దగ్గర పన్లోకొస్తే జిగురు ఎలా పెట్టాలో నేర్పుదును.”

“ఒకటే పెన్ను, ఒకటే సిరా, ఒకటే కూర్చోవడం మేస్త్రీ. పదకొండేళ్ళ చీటీలు ఒక్క మధ్యాహ్నం రాసి పడేశాడు. ఆవిడ ఆర్డరులో ‘దొంగ చీటీలు’ అని రాసిందా, కంపెనీ పరువు గంగలో కలుస్తుంది. అందుకని వాళ్ళ వకీలు మెత్తబడ్డాడు. నలభై చీటీలు వెనక్కి తీసుకుంటారట. ఆ సెలవుల జీతం అంతా పూర్తిగా ఇస్తారట. భోజనాల లోపు రాసుకు రమ్మని ఆవిడ టైమిచ్చింది. నువ్వొక్కదానివి గెలిస్తే చాలమ్మా, నీ వెనక ఇంకా పదహారు మంది ఉన్నారు. అందరికీ దారి పడ్డట్టే.”

“పెడతానండీ. ఎక్కడ సంతకం పెట్టాలో చూపించండి.”

“ఆగవే చిట్టీ. తెచ్చింది నలభై ఒకటి, వెనక్కి తీసుకునేది నలభై. ఆ ఒక్కటి ఏమైంది?”

“అదొక్కటీ ఉంచుతామన్నారు మేస్త్రీ. నాలుగు రోజులది. సముద్రంలో కాకిరెట్ట. పోతే పోయింది.”

“ఏ నాలుగు రోజులు?”

“ఏవో నాలుగు రోజులు అన్నయ్యా. పోనిద్దూ.”

“నేనడిగింది ఆయన్ని. ఏ నాలుగు రోజులు, సెక్రటరీ గారూ?”

“మూడేళ్ళ కిందట… మీ అమ్మగారు పోయిన వారం.”

“అనుకున్నాను.”

“మేస్త్రీ, నా మాట…”

“మీ మాట తర్వాత. మిగతా నలభై ఉంచుకోమనండి, అదొక్కటీ వెనక్కి తీసుకోమనండి. డబ్బు కోసం వచ్చానా నేను? పని మానుకుని, అయిదు గంటలు బస్సులో నిలబడి, ఇది మూడో వాయిదా. దేనికొచ్చాను? అమ్మని చూడ్డానికి నా చెల్లెల్ని పంపలేదు వాళ్ళు. ఆ ముక్క వాళ్ళ నోటితో వాళ్ళు ఒప్పుకోవాలి.”

“అన్నయ్యా, మెల్లిగా. అందరూ చూస్తున్నారు.”

“చూడనీ! ఆసుపత్రి నుంచి మూడుసార్లు ఫోను చేశాను సెక్రటరీ గారూ. మూడుసార్లూ ఏమందో అడగండి. చెప్పవే. ఏమన్నావు?”

“సెలవు ఇవ్వలేదన్నాను.”

“విన్నారా? అమ్మ తలుపుకేసే చూస్తూ ఉండేది. నర్సు లోపలికొస్తే ‘చిట్టొచ్చిందా’, ఊడ్చే మనిషి వస్తే ‘చిట్టొచ్చిందా’. ఆఖరికి నేనే గదిలోంచి బయటికెళ్ళి మళ్ళీ లోపలికి రావడానికి భయపడేవాణ్ణి, నన్ను చూసి కూడా అడుగుతుందని.”

“అన్నయ్యా, వద్దు. ఇక్కడ వద్దు.”

“ఇక్కడ కాకపోతే ఎక్కడ? అన్నీ అయ్యాక లాండ్రీ గేటు దగ్గరికెళ్ళానండీ. ఓనరు కారు దిగుతుంటే కాలరు పట్టుకున్నాను. వాడేమన్నాడో తెలుసా? ‘సెలవు ఇచ్చానయ్యా, నీ చెల్లెల్నే అడుగు’ అన్నాడు. తోడబుట్టినదాన్ని నేనడగాలట! అప్పుడు కొట్టాను. వాచ్‌మన్ నన్ను కొట్టాడు. ఇదిగో, ఈ పన్ను అప్పుడు పోయిందే. పోలీస్ స్టేషన్లో ఒక రాత్రంతా కూర్చోబెట్టారు. సంతోషంగా కూర్చున్నాను.”

“సరే మేస్త్రీ, సరే. నీ బాధ నాకు తెలుసు. కానీ ఈ గొంతుతో ఆఫీసరమ్మ ముందుకెళితే గెలిచిన కేసు కాస్తా ఓడిపోతాం. ఆ చివర కుళాయి ఉంది. మొహం కడుక్కుని, కాసిని నీళ్ళు తాగి రా. ఈలోగా నేను మీ చెల్లితో లెక్క చూసుకుంటాను.”

“కడుక్కుంటా. కానీ నేనొచ్చేలోగా సంతకం పెట్టావో, చిట్టీ, నా మీద ఒట్టు.”

“పెట్టను. వెళ్ళు.”

“…వెళ్ళాడా?”

“వెళ్ళాడండీ.”

“ఇటు చూడమ్మా. నా వయసెంతో తెలుసా? మిల్లులో బాయిలరు ముందు ముప్పై ఏళ్ళు, యూనియన్లో ఇరవై. కాగితం చూస్తే చెప్పేస్తాను. ఆ నలభై చీటీలూ రూళ్ళ కాగితం. ఇదొక్కటీ దుప్పట్ల లెక్క రాసుకునే పచ్చ చీటీ వెనకాల రాసి ఉంది. వాటిలో ‘శలవు’ అని ఉంది, దీంట్లో ‘సెలవు’ అని ఉంది. యూనియన్లో చేరేటప్పుడు నువ్వు రాసిచ్చిన ఫారం నా దగ్గరే ఉంది. నీ ‘మ’ తోక ఎప్పుడూ కిందకి జారుతుంది. దీంట్లోనూ జారింది.”

“గుమాస్తా నా రాత చూసి రాసుంటాడు.”

“మిగతా నలభైకీ లేని శ్రద్ధ దీనికెందుకు?”

“ఏమో. నాకేం తెలుసు? నా కళ్ళజోడు కూడా తేలేదు.”

“కళ్ళజోడు మెళ్ళో వేలాడుతోందమ్మా. నేను పోలీసుని కాదు. ఆ నాలుగు రోజులూ సెలవు తీసుకున్నావా, లేదా?”

“తీసుకున్నాను.”

“హమ్మయ్య. ఇంతే కదా. ఇందులో నెత్తిన పిడుగు పడ్డదేముంది? పదకొండేళ్ళలో నాలుగు రోజులు. అది నిజం చీటీ, మిగతావి దొంగవి. ఆ మాట ముందే చెప్పి ఉంటే పిటిషన్లో ‘ఒక్క రోజు కూడా సెలవు ఇవ్వలేదు’ అని రాయించేవాణ్ణి కాదు.”

“అది నేను రాయించలేదు. అన్నయ్య రాయించాడు.”

“పక్కనే కూర్చున్నావుగా.”

“కూర్చున్నాను. ఆయన ఏడుస్తూ చెప్తున్నాడు. నేనేమనాలి?”

“సరే, అయిపోయింది. సంతకం పెడితే ఆ వాక్యం గురించి ఎవరూ అడగరు. కానీ మీ అన్న లోపలికెళ్ళి ప్రమాణం చేశాడనుకో, వాళ్ళ వకీలు ఈ పచ్చ చీటీ ఆఫీసరమ్మ చేతిలో పెడతాడు. నీ చేత ఒక ముక్క రాయించి పక్కన పెట్టి చూస్తుంది. ఒక్క అబద్ధం మన వైపు దొరికిందా, నలభై నిజాలూ కొట్టుకుపోతాయి. వాళ్ళ నలభై అబద్ధాలకి ఆవిడ నవ్వింది. మన ఒక్కదానికి నవ్వదు. ఆ పదహారు మంది కేసులూ అటకెక్కుతాయి.”

“మీరే చెప్పండి ఆయనకి. చట్టం ఒప్పుకోదని చెప్పండి. ఏదో ఒకటి చెప్పండి. సెలవు తీసుకున్నానని మాత్రం చెప్పొద్దు. మీ కాళ్ళు పట్టుకుంటా.”

“ఛ ఛ, లే. చెప్పను. కానీ తల్లీ, అడక్కూడదు గానీ… సెలవు దొరికింది కదా. మరి ఊరెందుకు వెళ్ళలేదు?”

“బస్సు దొరకలేదు.”

“నాలుగు రోజులూనా? మీ ఆయనతో ఏదైనా గొడవా?”

“ఆయన లారీ మీద వెళ్ళి పది రోజులు. ఇంట్లో ఎవరూ లేరు.”

“ఇంకెక్కడికైనా వెళ్ళావా?”

“అడక్కండి సెక్రటరీ గారూ. అదొక్కటీ అడక్కండి.”

“సరే. అడగను. వస్తున్నాడు, కళ్ళు తుడుచుకో.”

“ఏమిటి, ఏడిపించారా దాన్ని? పర్వాలేదు, నేను తేల్చేసి వచ్చాను. కుళాయి దగ్గర వాళ్ళ వకీలు కనిపించాడు. మొహం మీదే చెప్పాను. ‘ఒప్పందం లేదు, గిప్పందం లేదు, నేనే లోపలికొచ్చి మా అమ్మ మీద ప్రమాణం చేసి చెప్తాను’ అని.”

“దేవుడా. వాడేమన్నాడు?”

“నవ్వాడు. ‘తప్పకుండా రండి, మేమూ అదే కోరుకుంటున్నాం’ అన్నాడు.”

“కోరుకుంటాడు. ఎందుకు కోరుకోడు! మేస్త్రీ, కూర్చో. నువ్వు లోపలికి వెళ్ళడం లేదు. మనం ఆ నాలుగు రోజులూ వదిలేస్తున్నాం.”

“ఎవరు వదిలేస్తున్నారు?”

“యూనియన్. సెక్రటరీగా నేను చెప్తున్నాను.”

“కారణం?”

“కారణాలుంటాయి. చట్టంలో కొన్ని… మూడేళ్ళు దాటింది కదా, అందుకని…”

“పదకొండేళ్ళ కిందటి చీటీలకి దాటని గడువు, మూడేళ్ళ కిందటిదానికి దాటిందా? నేను చదువుకోలేదు గానీ, కొలతలు తెలిసినవాణ్ణి సార్.”

“మేస్త్రీ, నన్ను నమ్ము.”

“ఎందుకు నమ్మాలి? లోపల గంటసేపు మీరూ వాళ్ళూ తలుపేసుకుని కూర్చున్నారు. బయటికొచ్చి ‘ఒక్కటే కదా, వదిలెయ్’ అంటున్నారు. ఆ ఒక్కటి వదిలిస్తే మీకెంత?”

“అన్నయ్యా!”

“నువ్వుండవే. చెప్పండి సెక్రటరీ గారూ. మా అమ్మ ఆఖరి నాలుగు రోజులు ఎంతకి అమ్మారు?”

“…”

“చూశావా చిట్టీ? మాట రావడం లేదు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడం అంటే ఇదే. ఎర్ర కండువా వేసుకున్నవాళ్ళంతా ఒకటే…”

“అన్నయ్యా, ఆయన్ని ఏమీ అనకు.”

“ఎందుకనకూడదు? నోరు తెరిచి ఒక్క మాట చెప్పమను!”

“ఆయన చెప్పడు. నేను వద్దన్నాను గనక చెప్పడు.”

“అమ్మా, నువ్వు ఊరుకో. నన్ను తిడితే నాకేం పోదు. మిల్లులో ఇంతకంటే పడ్డాను.”

“లేదండీ. మీరు డెబ్భయ్యేళ్ళ మనిషి. నాకోసం మాటలు పడుతున్నారు. అన్నయ్యా, ఆ చీటీ నేనే రాశాను.”

“ఏ చీటీ?”

“పచ్చ చీటీ. అమ్మకి బాగాలేదు, నాలుగు రోజులు సెలవు కావాలని. ఓనరు ఇచ్చాడు. పదకొండేళ్ళలో అదొక్కసారే అడిగాను, అదొక్కసారే ఇచ్చాడు.”

“ఏం మాట్లాడుతున్నావే? వీళ్ళు భయపెట్టారా నిన్ను?”

“ఎవరూ భయపెట్టలేదు. ఓనరు నీతో నిజమే చెప్పాడు.”

“నేను వాణ్ణి కొట్టాను చిట్టీ.”

“తెలుసు.”

“పన్ను పోగొట్టుకున్నాను.”

“తెలుసన్నయ్యా.”

“మరి… మరి ఎక్కడికెళ్ళావు? అమ్మ దగ్గరికి రాకుండా నాలుగు రోజులు ఎక్కడికెళ్ళావు? చెప్పు. ఎవరి దగ్గరికెళ్ళావు?”

“ఎవరి దగ్గరికీ వెళ్ళలేదు. సంచీ సర్దాను. అమ్మకని రెండు మెత్తని దుప్పట్లు కూడా పెట్టాను. బస్సుకి ఇంకా గంట టైముంది. మంచం మీద కూర్చున్నాను. అప్పటికి ఇద్దరు ఆడవాళ్ళు పని మానేసి రెండు నెలలు, వాళ్ళ వాటా రోలరు కూడా నేనే తిప్పుతున్నాను. పొద్దున్న ఆరుకి నిలబడితే రాత్రి తొమ్మిదికి కూర్చునేదాన్ని. అయిదు నిమిషాలు నడుం వాలుద్దామనుకున్నాను.”

“అయితే?”

“నువ్వు ఫోను చేసేసరికి మర్నాడు మధ్యాహ్నం.”

“అప్పుడైనా బయల్దేరొచ్చుగా!”

“బయల్దేరొచ్చు. కానీ అక్కడ మళ్ళీ ఆసుపత్రి బల్ల, మళ్ళీ నిలబడ్డం. ‘ఇవ్వలేదు’ అని నా నోట్లోంచి వచ్చేసింది. ఆ మాట వచ్చాక ఎంత హాయిగా ఉందో! మళ్ళీ పడుకున్నాను. రెండోసారి చేశావు, మళ్ళీ అదే చెప్పాను. మూడోసారీ అదే.”

“నాలుగు రోజులూ… పడుకున్నావా?”

“లేచి నీళ్ళు తాగాను. మళ్ళీ పడుకున్నాను.”

“అమ్మ ‘చిట్టొచ్చిందా’ అంటుంటే…”

“మొద్దునిద్ర పట్టింది అన్నయ్యా. అంత నిద్ర నేను చిన్నప్పుడు కూడా పోలేదు.”

“ఆఫీసరమ్మ పిలుస్తోందమ్మా. ఇంక చాలు. సంతకం పెట్టు.”

“పెడతానండీ, ఒక్క నిమిషం. మొత్తం విననివ్వండి ఆయన్ని, మళ్ళీ ఎప్పుడూ చెప్పలేను. అయిదో రోజు తెల్లారి నువ్వు ఫోను చేసి అమ్మ పోయిందన్నావే అన్నయ్యా, నాకు ఏడుపు తర్వాత వచ్చింది. ముందొచ్చింది కోపం, ఎందుకు నిద్ర లేపావని.”