కోడ్ ఎవరి ఫోన్‌కి?

బట్టల హోల్‌సేల్ కొట్లో గుమాస్తాగా చేసే ఆయన చెప్పులు విప్పుతూనే కూతుర్ని కేకేశాడు. ఆ కొట్టు లెక్కలు నడిచే ప్రోగ్రాము కూతురి కంపెనీదే.

"అమ్మాయ్! ఇవాళ లాగిన్ కోడ్ నా ఫోన్‌కే వచ్చిందే!"

"రాకేం నాన్నా, పంపింది మేమేగా."

"ఇన్నాళ్లూ షావుకారు ఫోన్‌కి వెళ్లేది. నేను ఫోన్ చేస్తే, ఆయన సెలూన్‌లో గడ్డానికి నురగతో కూర్చుని, అందరూ వినేలా అంకెలు అరిచేవాడు. విన్నవాడెవడైనా లెక్కల్లో వేలు పెడితే, నింద నా నెత్తిన పడేది."

"రోజూ భోజనం దగ్గర నీ గోల అదేగా! మీటింగులో అదే చెప్పాను. కొట్టుకి ఒక్క నంబరు చాలన్నారు మావాళ్లు. బోర్డు మీద పేరున్నవాళ్లకి కాదు, కంప్యూటర్ ముందు కూర్చునేవాళ్లకే కోడ్ వెళ్లాలని పట్టుబట్టాను."

"ఒప్పుకున్నారూ?"

"మా మేనేజరు ససేమిరా అన్నాడు. సెలూన్ సంగతి చెప్పాక తనే సంతకం పెట్టాడు."

"అంటే ఈ మార్పు నీదన్నమాట!"

"నాదే. నువ్విక ఊరంతా దండోరా వేయకు నాన్నా."

"ఛ, నాకేం పని?"

ఆయన విప్పిన చెప్పులు మళ్లీ తొడుక్కున్నాడు.

"ఎక్కడికి? వడ్డిస్తున్నాను."

"ఇప్పుడే వస్తా. గడ్డం గీయించుకోవాలి."

"పొద్దున్నేగా గీసుకున్నావు!"