పసుపు గీత పడని కాయలు

అరవై ఎనిమిదో సంవత్సరం, ఎండాకాలం. సాలూరులో లారీలు ఆగేచోట దేముడమ్మ పళ్ల బల్ల ముందు లారీ ఓనరు నరసింగరావు నిలబడ్డాడు. నోటినిండా బొప్పాయి ముక్క ఉన్నా, తిట్టడానికి మాత్రం ఆ నోటికి ఖాళీ దొరికింది.

"...పండేటే అది? పైకి పసుపు రాసినట్టున్నాది, కోస్తే లోపల రాయి. కొండ మీద జైపూరు సావుకారు నా మొకం ముందే కోసి సూపించినాడు. ఏటి నరసింగరావూ, కత్తి నూరుకోడానికి తెచ్చినావా అన్నాడు."

"ఓలమ్మో! అందరి ముందరా?"

"అందరి ముందరే. మళ్లీ లోడులోనైనా మంచి పండు దింపకపోతే, ఆ ఊళ్లో నా బండి ఆపనివ్వనన్నాడు. నా లారీలకి ఆ ఊరే కదే దిక్కు! అంతా ఆ లక్ష్ముడు గాడి వల్లే. గొడ్డు సెట్లు పెంచి, ఆ కాయలు నాకు అంటగట్టినాడు."

"ముక్క ఎలగున్నాది బాబూ?"

"ఏటి?"

"తింటన్నావు కదా. ఎలగున్నాది?"

"బాగున్నాది. ఇంకోటి కొయ్యి. పండంటే ఇదీ. ఎక్కడిదే, శృంగవరపుకోటదా?"

"తిను, తిను. మరి లక్ష్ముణ్ని ఏటన్నావు?"

"ఏటంటాను? నిన్న సంతలో పట్టుకుని కడిగీసినాను. నీ సెట్లు దండగ, ఆటికి నీళ్లు పోసే నువ్వు మరీ దండగ అన్నాను."

"ఆడేటన్నాడు?"

"ఏటంటాడు, నోరుంటే కదా! రెండేళ్లు కావిడితో నీళ్లు మోసినాను బాబూ అని గొణిగినాడు. రెండేళ్లు మోసి రాళ్లు పండించినావురా అన్నాను. సంతంతా నవ్వీసినాది."

"సంతంతా నవ్విందా."

"నవ్వదా మరి?"

"సరే. ఆ కాయలు ఎప్పుడు కోయించినావు?"

"లచ్చివారం."

"గీత పడ్డాదా?"

"గీతేటి?"

"గీతేటి అంటన్నాడు సూడు! కాయ అడుగున పసుపు గీత. ఒక్కటైనా పడాల. పడ్డాకే కొయ్యాల. గోరెట్టి గీరితే పాలు నీళ్లలాగ కారాల. సిక్కగా వచ్చినాయంటే ముట్టుకోకూడదు. క్లీనరుగా ఉన్నప్పుడు నా బల్ల దగ్గర తొక్కలు కూడా గీక్కుని తిన్నోడివి, ఇంత కూడా తెలీదేటి నీకు?"

"కాయలు పెద్దయే ఉన్నాయి. కోయించీసినాను."

"లక్ష్ముడు వద్దనలేదా?"

"ఏదో అన్నాడు."

"ఏదో అంటే?"

"నాలుగు రోజులు ఆగు బాబూ అన్నాడు. ఆడి కోసం నా లారీ ఆగుతాదేటి? జైపూరు ఖాళీగా పోవాలా? తోటంతా దులిపించీసినాను."

"దులిపించడానికి అది సింతసెట్టేటి?"

"మాటకన్నానే. అయినా పచ్చిగా ఉంటే ఏటి? మగ్గబెట్టినాను కదా."

"గడ్డిలోనా?"

"గడ్డేటి, ముసలోళ్ల పద్ధతి! మా వెల్డింగు షెడ్డులో కార్బైడు ఉన్నాది కదా, గేసు పుట్టించే రాళ్లు. పొట్లాలు కట్టించి కాయల మధ్యన పెట్టించినాను. పైన టార్పాలిను కప్పీసినాను. రెండు రోజులకి అన్నీ పసుపెక్కిపోయినాయి. ఎవుడికొస్తాదే ఆ తెలివి?"

"ఎవుడికీ రాదు బాబూ. లారీ ఇనుము అతికించే సరుకుతో పళ్లు పండించాలని ఇంకెవుడికీ తోచదు. గీత పడని కాయకి ఆ రాళ్లు పెడితే రంగు తొక్కకే వస్తాది, గుజ్జుకి రాదు. నీ లోడులోయి రెండు కాయలు మీ క్లీనరు నా బల్ల మీద పడేసిపోయినాడు. కోసి సూసినాను. ఒకటి గట్టి, ఒకటి కుళ్లు. రెండూ వెల్డింగు కంపే. మా మేక కూడా మూతి తిప్పీసుకున్నాది."

"మేక సాక్ష్యమొకటా నాకు! సెట్టు మంచిదైతే ఎలగైనా పండుతాది. ఇదిగో, ఈ కాయ పండలేదా?"

"పండినాది. అది లక్ష్ముడి తోటదే."

"...ఏటి?"

"ఆడి తోటదే. గట్టు మీద నాలుగు సెట్లు నాకని ఉంచుతాడు, మీవోళ్లని ముట్టుకోనివ్వలేదు. అదే విత్తనం, అదే నుయ్యి, అదే కావిడి. గీత పడ్డాక కోసినాను, గడ్డిలో పెట్టినాను. ఉమ్మీకు బాబూ, మింగు."

"ముందే సెప్పొచ్చు కదే!"

"సెప్తే తిందువా?"

"సర్లే. అయిందేదో అయినాది. సెట్ల మీద పై వరస కాయలు ఇంకా ఉన్నాయి కదా?"

"ఎందుకు?"

"ఎందుకేటే! జైపూరోడికి మంచి లోడు దింపాలా వద్దా? ఈసారి గీత పడేదాకా ఆగుతాను. కార్బైడు జోలికే పోను, నీ గడ్డిలోనే పెట్టిస్తాను. సాలా?"

"మరి సంతలో అన్న మాట?"

"దానికేటి? ఓ కొత్త పంచె కొని ఆడి మొకాన పడేస్తే పొంగిపోతాడు, ఎర్రి నాయాలు."

"పంచె కొంటావా."

"కొంటానన్నాను కదే. నువ్వు బేగి ఎళ్లి ఆడికి సెప్పు, నాను వచ్చేదాకా ఒక్క సెట్టూ ఎవుణ్నీ ముట్టుకోనివ్వొద్దని."

"ఇంకెవుడూ ముట్టుకోడు బాబూ. సంత నుంచొచ్చి కూడు కూడా తినలేదట. ఈ పొద్దున నాను కాయలకి ఎళ్లేసరికి, కత్తట్టుకుని సెట్లన్నీ నరుక్కుంటా ఆఖరి వరసలో ఉన్నాడు. మెత్తటి మాను కదా, ఒక్కోదానికి ఒక్క దెబ్బే సరిపోయినాది. ఒరే, ఇదేటిరా అని సెయ్యి పట్టుకున్నాను. ఏటన్నాడో తెలుసా? 'లారీలున్న బాబు, నాలుగూళ్లు తిరిగినోడు, అబద్ధం సెప్తాడేటి అత్తా? నా సెట్లే గొడ్డుయి' అన్నాడు."