ఆరు గంటల సంతకం

బెంగళూరు, 1958. కోర్టు వరండా. జామీను ఇచ్చిన వెంకటగిరియప్ప, ఆ జామీను మీద బయట తిరుగుతున్న బావమరిది చిన్నప్ప. వెంకటగిరియప్ప భార్య, చిన్నప్ప అక్క పార్వతమ్మ పోయి పదిహేను రోజులు.

“చెయ్యి తియ్‌రా. అర్జీ నలుగుతాది.”

“ఏం రాయించినావు బావా అందులో?”

“నీకిచ్చిన జామీను వాపసు తీసుకుంటానని రాయించినా. జవాను పేరు పిలుస్తానే మేజిస్ట్రేటు ముందర పెడతా. పొద్దు గూకేలోగా నువ్వు మళ్లా జైల్లో ఉంటావు.”

“ఒక్క దినమన్నా తప్పినానా? యాభై రెండు దినాలు, ఆరు గంటలకంతా స్టేషనుకు పోయి సంతకం పెట్టినా. మైల దినాల్లో గూడా గడప బయట నిలబడి పెట్టినా.”

“చూసొచ్చినాలే ఆ పుస్తకం. మీ అక్క పోయిన దినం, ఏకాదశి నాటి సంతకం వంకర లేకుండా ఉండాది. చెయ్యి వణకనే లేదు నీకు. అప్పుడు అది ఉబ్బసంతో, ఇంట్లో ఒంటిగా, ఊపిరి కోసం కొట్టుకుంటా ఉండాది.”

“బావా...”

“నేను హొసకోటె సంత నుంచి వచ్చేటప్పటికి చల్లబడిపోయింది. నీళ్ల చెంబు మూరెడు దూరంలో ఉండాది. అందిచ్చేవాడు లేడు.”

“మిన్ను విరిగి మీద పడినా సంతకం తప్పద్దని నువ్వే కదా...”

“చచ్చేదాన్ని వదిలి పొమ్మంటినా? పక్కింటి చౌడమ్మను పిలిస్తే నీ సొమ్మేం పోయేది?”

“పిలిచినా. తలుపుకు తాళం ఉన్నింది.”

“ఆ దొంగతనం కేసులో జరీ మూట ఎత్తలేదని గూడా చెప్తివి.”

“ఎత్తలేదు!”

“ఎత్తినావో లేదో కోర్టు చూసుకుంటాది. తమ్ముడు జైలు కూడు తింటా ఉంటే నాకు ముద్ద దిగదని అది ఏడిస్తే ఇచ్చినా జామీను. నీ మొగం చూసి కాదు. అదే లేదు. నువ్వెందుకు బయట?”

“విచారణకు ఇంకా రెండు నెల్లే. అంతవరకన్నా ఉండనీ. మళ్లా ఆ లోపల... నా వల్ల కాదు బావా.”

“దాని వల్ల అయిందా?”

“ఆ దినం నేను పోనన్నా.”

“అబద్ధం.”

“పోనక్కా, వాళ్లొచ్చి పట్టుకుపోతే పోనీ అన్నా. గోడకు ఒరిగి కూర్చున్నది లేచి నన్ను తోసింది. అంత బలం యాడ నుంచి వచ్చిందో.”

“చచ్చేది నిన్నెందుకురా తోస్తాది?”

“నువ్వు సంతకం పెట్టకుంటే నీ బదులు మీ బావను పట్టుకుపోయి జైల్లో వేస్తారు, పోరా, పోరా అని.”

“...ఏమన్నావు?”

“జామీను అంటే అదేనంట కదా. నువ్వే చెప్పినావంట అక్కకు.”

“వెంకటగిరియప్పా! వెంకటగిరియప్పా! వెంకటగిరియప్పా!”

“జవాను పిలుస్తా ఉండాడు బావా. నిజమే కదా అది? జామీను ఇచ్చినోణ్ణి లోపల వేస్తారు కదా?”

“వెయ్యరురా. నిన్ను బెదిరించేకి మీ అక్కకు నేను చెప్పిన మాట అది.”