తాలు షెడ్డులో పేరమ్మ

ఏందీ, మీ అమ్మమ్మ పేరమ్మ సంగతా? తాలు షెడ్డులో ఎందుకు కూర్చోబెట్టారనా అడిగేది? మీ అమ్మ చెప్పలేదా శ్రీరమ్యా? చెప్పదులే, దానికప్పుడు ఊహ తెలిస్తే గదా. ఇట్టా కూర్చో. ఆ కుర్చీ వద్దు, కాలు ఊగుద్ది, మంచమ్మీద కూర్చో. ఉన్నమాట చెప్పుకోవాల, మీ అమ్మమ్మది మొండి ఘటం. నేనప్పుడు మిరపకాయల షావుకారు ఒకాయన దగ్గర ముఠాలో బస్తాలు మోస్తున్నా. మా ఇంటిది మౌలాబీ, మీ అమ్మమ్మ, ఇంకా బోలెడుమంది ఆడాళ్ళు ఆయనింటి వెనకాల షెడ్డులో మిరపకాయలకి తొడిమలు తీసేవాళ్ళు. నువ్వు చూసుండవు ఆ పని. ముక్కుకి గుడ్డ కట్టుకున్నా తుమ్ములే తుమ్ములు. చేతులు మండిపోతయ్. ఆముదం రాసుకున్నా, మజ్జిగతో కడుక్కున్నా ఓ పట్టాన పోదు. చంటిబిడ్డల తల్లులు పిల్ల గుక్కపెట్టి ఏడుస్తున్నా గబుక్కున ఎత్తుకునేవాళ్ళు కాదు. మావాడొకసారి... సరేలే, వాడి గోల ఇప్పుడెందుకు.

ఆ, ఏం చెబుతున్నా? షావుకారు భార్యకి ఓ అలవాటు. ఇంట్లో ఏ పని పడ్డా షెడ్డులోంచి ఒకతెని పిలిపించేది. అంట్లు తోమమని, పరుపులు ఎండేయమని. తొడిమల కూలీలోనే అదీను. వీళ్ళు లేచి పోయేవాళ్ళు. ఆ ఏడు ఆమె కూతురు పురిటికొచ్చింది. మీ అమ్మమ్మకేమో పసిబిడ్డలకి నీళ్ళు పోయడంలో పెద్ద పేరు. కాళ్ళమీద బోర్లా వేసుకుని, నూనె రాసి, నలుగు పెట్టి పోసిందంటే ఆ బిడ్డ మధ్యాహ్నం దాకా లేచేవాడు కాదు. మా పిల్లలకీ ఆమే పోసింది. మాలో బొట్టు లేదుగానీ, మౌలాబీ కుంకం భరిణె అడిగి తెచ్చుకుని మరీ పేరమ్మకి బొట్టు పెట్టి పిలిచొచ్చింది. ఆఖరి రోజు చీర పెట్టాం. పద్ధతి గదా.

మరి వీళ్ళో! మేస్త్రీ సాల్మన్ గుమ్మంలో నుంచుని, "పేరమ్మా, రేపట్నుంచి పొద్దున్నే అమ్మగారి మనవడికి నీళ్ళు పోసి, ఆ తర్వాత కాయల కాడికి రా" అన్నాడు. ఈమె తలెత్తకుండానే, "నన్ను తొడిమలకి పిలిచారు. నీళ్ళకెవరూ పిలవలేదు" అంది. అంతే! మర్నాడే తాలు షెడ్డులో వేశారు. తాలంటే తెల్లబోయిన కాయలమ్మా, ముట్టుకుంటే దుమ్ము. కిటికీ లేదు, పలకరించే మనిషి లేదు. సీజనంతా అక్కడే అన్నారు. పోయి కూర్చుంది. "ఇదన్నా కాదనవే" అన్నా నేను. "తాలు ఏరడం నా పనే గదన్నా" అంది. ఒళ్ళు మండింది నాకు. షావుకారు మీదా, ఈమె మీదా.

ఆయన మరీ చెడ్డోడేం కాదులే. ఆ దుమ్ముకి ఈమె దగ్గే దగ్గు వినలేక ఓ రోజు ఆయనే వచ్చాడు. నేను బస్తా దించుతున్నా. "పేరమ్మా, చేతులు మిరప మంట, పసిబిడ్డని ముట్టుకోలేనని ఒక్క మాట చెప్పు. మా ఆవిడకి నేను సర్దిచెబుతా. నీ చోటుకి నువ్వొచ్చెయ్" అన్నాడు. ఎంత సులువు! నేనైతే దణ్ణం పెట్టి లేచొచ్చేవాణ్ణి. ఈమె, "పొద్దున్నే నా చేతులు శుభ్రంగానే ఉంటయ్ బాబూ. మంట సంగతి కాదు. అది నా పని కాదు" అంది. ఆయన కండువా దులుపుకుని పోయాడు. ఆ దగ్గు మళ్ళీ తగ్గలేదు తల్లీ. చివరికి మనిషిని తీసుకుపోయింది.

ఆమె ఇంకా తాలు షెడ్డులో ఉండగానే, ఆ షావుకారు చెప్పిన మాట మాత్రం ఆడాళ్ళు పట్టుకున్నారు. ఇంట్లోంచి కబురొస్తే చాలు, "చేతులు మంటండీ అమ్మగారూ" అనడం. మొదలెట్టింది మా ఇంటిదే. అమ్మగారు విసిగిపోయి పనిమనిషిని పెట్టుకుంది. మౌలాబీకి సంబరం. తాలు షెడ్డుకి పోయి, "అక్కా, నీ పుణ్యమా అని ఇంకెవర్నీ పిలవట్లేదు. మంటన్నాం, వదిలేశారు" అంది. మీ అమ్మమ్మ దగ్గి, దగ్గి, మూతికున్న గుడ్డ తీసి, "మంట లేనినాడు పోతారా మరి?" అంది.

మౌలాబీ వచ్చి ఆ మాట నాకు చెప్పి, మళ్ళీ తొడిమల ముందు కూర్చుంది.

ఆ ఫ్యాను కాస్త పెంచు తల్లీ.