తిరగబడిన పటం, సమ్మమ్మ ఊరి నీళ్ళు

1971 జూలై 5న హైదరాబాదు నుంచి బదిలీపై వచ్చి, కాజీపేటలో రైలు దిగి, మన వరంగల్ భూగర్భజల కార్యాలయంలో భూవిజ్ఞాన శాస్త్రజ్ఞులుగా బాధ్యతలు స్వీకరించిన శ్రీ కిషన్ రావు గారు నేడు పదవీ విరమణ చేస్తున్నారంటే మనసు ఒప్పుకోవడం లేదు.

ఆ రోజుల్లో బోరు వేయడమంటే సగం అనుభవం, సగం అదృష్టం. వారు వచ్చాక రాతి స్వభావం, నేల వాలు, మట్టి తీరు, భూమిలోని పగుళ్ళు ఒక్కొక్కటీ ఒక్కో ట్రేసింగ్ కాగితంపై గీయించి, దేని ప్రాధాన్యమెంతో మనందరితో వాదించి మార్కులు నిర్ణయించి, కింద బల్బు వెలిగే గాజుబల్లపై ఒకదానిపై ఒకటి పేర్చేవారు. అన్నీ కలిపి ఎక్కువ మార్కులు వచ్చిన చోటే బోరు. వాదనలో ఓడితే టీ తెప్పించేదీ వారే.

1980 వేసవిలో ఏటూరునాగారం దారిలోని ఒక పల్లెలో బావులన్నీ ఎండిపోయాయి. బోరు యంత్రం అక్కడ ఉండేది ఒక్కరోజే. కిషన్ రావు గారు గుర్తించిన చోట దుమ్ము తప్ప చుక్క రాలేదు. జీపు బానెట్ మీద పటాలు పరిచి చూసి వారు నిర్ఘాంతపోయారు. పగుళ్ళ కాగితం తిరగబడింది! ట్రేసింగ్ కాగితంపై గీత ఏ వైపు నుంచైనా కనిపిస్తుంది మరి. వాగుకు తూర్పున ఉన్న పగులు పటంలో పడమరకు చేరింది. నెపం రాతి మీదికి నెట్టేస్తే అడిగేవారెవరు? అయినా ఖాళీ కడవలతో నిలబడ్డ జనం ముందే, "తప్పు నాదే. కాగితం తిరగేసి పెట్టిన" అన్నారు.

సమ్మమ్మ అనే పెద్దావిడ ముందుకొచ్చి, "గట్లనా! ఇగ సక్కగ పెట్టి సూడు బిడ్డా. మిషిన్‌ను మేం పోనియ్యం, నువ్వు ఫికర్ జెయ్యకు" అంది. ఆడవాళ్ళంతా యంత్రానికి అడ్డంగా కూర్చున్నారు. ఆలస్యానికి బాధ్యత తనదేనని కిషన్ రావు గారు పై అధికారికి కబురు పంపారు. మరునాడు వాగు అవతల నీళ్ళు ఎగజిమ్మాయి. అమ్మయ్య! సమ్మమ్మ తొలి కడవ వారి కాళ్ళ మీద పోయబోతే, "వద్దమ్మా, ముందుగాల తాగుండ్రి" అని వారు కళ్ళు తుడుచుకున్నారు.

అప్పటినుంచి మన కార్యాలయంలో, కాగితం తిరగబడితే ఇట్టే తెలిసేలా, ప్రతి పటానికీ కుడివైపు పైమూల కత్తిరించడం ఆచారమైంది. ఇప్పుడు ఉపగ్రహ చిత్రాలూ కంప్యూటర్లూ వస్తున్నాయి. పటాలను అవే పేరుస్తాయట. పేర్చిన దానికి జవాబుదారీగా నిలబడడం నేర్పిన కిషన్ రావు గారికి మనమంతా కృతజ్ఞులం.

ఎక్కడైనా బోరు ఎండిందని తెలిస్తే ఆ పూట వారు అన్నం ముట్టరని వారి సతీమణి సుగుణ గారు ఎన్నోసార్లు వాపోయారు. ఇకనైనా వారు వేళకు భుజించి, కంటినిండా నిద్రించి, సంపూర్ణ ఆరోగ్యంతో నిండు నూరేళ్ళు వర్ధిల్లాలని మనసారా కోరుకుంటున్నాం. సుగుణ గారూ, ఏ ఊరి నుంచి అలాంటి కబురు వచ్చినా ఇక మాకే పంపండి. వారి కంచం దాకా రానివ్వకండి.