లావు తోక గుర్రం

డ్రెస్డెన్‌లో ఎల్బే నది ఒడ్డున క్రిస్మస్ అంగళ్లు. ఓ అంగట్లో బొమ్మలు చేసే ఆమె, లేత్ మీద తిప్పుతూ ఉలితో మలిచిన చెక్క చక్రాన్ని కేకు ముక్కల్లా చీలుస్తోంది. చీలిన ఒక్కో ముక్కా పక్కనుంచి చూస్తే ఒక గుర్రం. చూపు ఆనని ముసలాయన ఒకటి అందుకుని బొటనవేలితో నిమిరాడు.

"అబ్బ! ఏం మెడ, ఏం నడుము! చీల్చేదాకా లోపలి బొమ్మ కనబడదు కదా, ఇంత నున్నగా ఎలా తిప్పావమ్మాయ్? ఎవరు నేర్పారు?"

"ఎవరూ లేరు తాతా. చిన్నప్పుడు మా అమ్మ ఇక్కడే ఓ గుర్రం కొనిపెట్టింది. దాన్ని చూసి చూసి నేర్చుకున్నా."

"మరి తోకెందుకింత లావు?"

"దాని తోకా అంతే. పాతవాళ్ల పద్ధతి! వెంట్రుకవాసి కూడా మార్చలేదు."

"పద్ధతా, నా మొహమా! ఆ గుర్రం చేసిన ఏడు నా ఉలి మొన విరిగింది. పండగ ముంచుకొచ్చిందని అలాగే తిప్పేశా."

ఆమె చేతిలో కత్తి ఆగిపోయింది.

"అంటే... అది మీరు చేసిందా? ఇరవయ్యేళ్లుగా మీ తప్పునే చెక్కుతున్నానా? రేపే సన్నం చేసేస్తా!"

"చేశావంటే ఊరుకోను. చూపు పోయినవాణ్ని, ఆ తోక లేకపోతే నా గుర్రాల్ని నేనెలా పోల్చుకోను?"