కుందేళ్ళ గూటి మీది బానెట్

ఏంట్రా బాస్టియన్, ఆ జీపు బానెట్ అలా తడుముతున్నావ్? అసలుదా అనా? కాదు. బండి మొత్తంలో అదొక్కటే నకలు. ఈ బండి బిగించిన మా గుస్తావ్ బతికుంటే నువ్వడక్క ముందే చెప్పేసేవాడు. అదీ చిత్రం! ఎవరి బండికైనా కొత్త బోల్టు ఒక్కటి కనబడిందా, "ఇది యుద్ధం బండి కాదు, పెళ్ళి బండి" అని మొహమ్మీదే అనేసి పోయే మనిషి వాడు. ఈ జీపు సామాన్ల కోసం మన నార్మండీలో ఏ పశువుల కొట్టం వదిలాడు గనక? వెళ్ళగానే సామాను సంగతి ఎత్తకూడదనేవాడు. ముందు కాఫీ తాగాలి, అందులో ఆపిల్ సారా పోస్తే అదీ తాగాలి, ఆవులెలా ఉన్నాయో అడగాలి, లేచి వెళ్ళబోతూ "అవునూ, ఆ రేకేంటి?" అనాలి. అలా తాగీ తాగీ వాడి కడుపు పాడైందనుకో, అదలా ఉంచు.

చివరికి దొరకాల్సింది బానెట్ ఒక్కటే మిగిలింది. ఏదో ఒకటి పనికిరాదు, ఆ బండి సైన్యం నంబరు రాసున్నదే కావాలి. ఏళ్ళ తరబడి వెతగ్గా లియోంతిన్ ముసలమ్మ ఇంట్లో దొరికింది, కుందేళ్ళ గూటికి కప్పుగా. నంబరు చూశాడు, అదే. ఆవిడకి చూపు లేదు. "తీసుకుపో నాయనా, అలాంటిదే ఇంకోటి పెట్టు. నా చేతికి తేడా తెలీకూడదు, అంతే" అంది. అదెంత పని అన్నాడు వీడు. కంపెనీ డ్రాయింగులు ముందేసుకుని శీతాకాలమంతా రేకు కొట్టాడు. వెంట్రుకవాసి తేడా లేదు. తీసుకెళ్ళి గూటి మీద పెట్టాం. ఆవిడ తడిమింది, తడిమింది, మూల దగ్గర ఆగిపోయింది. "మా తమ్ముడి సొట్ట ఏది?" అంది. యుద్ధమప్పుడు ఆ జీపు చెడిపోయి వాళ్ళ గుమ్మంలో ఆగితే, పిల్లాడు సంబరంకొద్దీ గోడ మీంచి దాని మీదకి దూకాడట, చెక్కబూట్లతో. ఆ పంటకోతలప్పుడే పొలంలో మందుపాతర మీద కాలేశాడు. డ్రాయింగులో సొట్ట ఎందుకుంటుందిరా?

దానిదేముంది, ఒక్క దెబ్బేస్తే సొట్ట పడుతుందిగా అన్నాన్నేను. సుత్తి ఎత్తాడు కూడా. మళ్ళీ దించేశాడు. "ఆ పిల్లాడు చేసింది నేనెలా చెయ్యనురా" అన్నాడు. అసలుది గూటి మీదకే పోయింది. నకలు ఇదిగో, ఇక్కడ.

ఆవిడ పోయాక ఆవిడ మరిది కొడుకు కబురంపాడు, వచ్చి పట్టుకెళ్ళమని. ఇద్దరం వెళ్ళాం. గుస్తావ్ ఆ సొట్టలో అరచెయ్యి పెట్టి నిలబడ్డాడు, ఎంతసేపో. నాకు ఏడుపొచ్చింది, దాచడమెందుకు. "వద్దులేరా, కుందేళ్ళు తడుస్తాయి" అన్నాడు.

అప్పటికి ఆ గూట్లో కుందేళ్ళు లేవురా.

...ఆ తలుపు వెయ్యి, చలి.